కుర్చీ మీద ముళ్ళకాయ

క్రిస్పిన్ ప్లమ్‌స్టెడ్ తేమ కొలిచే యంత్రాన్ని గోడకి ఆనించాడు. దాని రెండు సూదులూ సున్నంలో దిగేదాకా నొక్కి, అంకె చదివి, చాలా మర్యాదగా నిట్టూర్చాడు.

"పోయినసారి కంటే పెరిగింది, థెల్మా."

థెల్మా ఉట్టింగ్ నోట్లో గుండుసూదులున్నాయి. ఎవరో పెళ్ళికొడుకు ప్యాంటు ఒళ్ళో వేసుకుని కాళ్ళ దగ్గర మడత పెడుతోంది. సూదులు ఒక్కొక్కటే తీసి మణికట్టుకి కట్టుకున్న మెత్తలో గుచ్చి, అన్నీ అయ్యాకే నోరు విప్పింది.

"వానలు పడుతున్నాయి కదండీ."

"వాన పడేది బయట కదా!" క్రిస్పిన్ నవ్వాడు. అతను ఆ ఇంటి బాగోగులు చూసే ట్రస్టుకి కార్యదర్శి. నలభై దాటలేదు. పాత ఇళ్ళంటే ప్రాణం పెడతాడు, వాటిలో ఉండే మనుషులంటే కాస్త భయపడతాడు. "లోపలి తడి లోపలి నుంచే వస్తుంది. కెటిల్, వంట, వేణ్ణీళ్ళ స్నానం, ఆరేసిన బట్టలు. అన్నిటికంటే ముఖ్యం అదిగో, అది."

అది అంటే ఇస్త్రీపెట్టె. పొడుగాటి కిటికీ కింద బల్ల మీద నిలబడి సన్నగా ఆవిరి వదులుతోంది. థెల్మా లేచి దాని ప్లగ్గు పీకేసింది.

"అయిదు వందల ఏళ్ళ గోడ," అన్నాడు క్రిస్పిన్, గోడని నిమురుతూ. "ఎన్నో చూసింది పాపం. రోజంతా ఆవిరి అంటే దానికీ కష్టమే కదా."

కోప్పడి ఉంటే ఎదురు చెప్పేదేమో. అతను కోప్పడలేదు. అదే చిక్కు. "ఇంట్లో మనిషన్నాక ఆవిరి ఉండదా?" అని అడుగుదామనుకుంది. నోటికి మాత్రం "సారీ" అనే వచ్చింది. ఆ ఊళ్ళో కాలు తొక్కినవాడి కంటే తొక్కించుకున్నవాడే ముందు సారీ చెప్తాడు. థెల్మా ఆ ఊరి మనిషే.

"అలా అనకండి, మీ తప్పని ఎవరన్నారు?" అన్నాడు, అదే మాట ఇంతసేపూ చెప్పినవాడు. యంత్రాన్ని సంచిలో పెట్టుకున్నాడు. వెళ్ళకుండా గుమ్మంలో నిలబడ్డాడు. "నెలాఖరుకి మీ ఒప్పందం అయిపోతుంది కదా. ఈ శని, ఆదివారాలు సందర్శకులు వచ్చి వెళ్ళాక, సోమవారం కమిటీ కూర్చుంటోంది. ఈ గదిలో ఇకమీదట ఎవరూ కాపురం ఉండకపోతేనే గోడకి మంచిదని కొందరి అభిప్రాయం."

"కొందరంటే?"

"కొందరు," అన్నాడు క్రిస్పిన్, ఇబ్బందిగా. "ముందే చెప్పడం న్యాయం అనిపించింది."

అతను మెట్లు దిగిపోయాక కూడా థెల్మా ప్యాంటు చేతిలో పట్టుకుని నిలబడే ఉంది.

కెనరీ ఇల్లు వెన్సమ్ ఏటికి వెళ్ళే సందులో ఉంది. చెకుముకిరాళ్ళ గోడలు, నడుం వంగిన దూలాలు. కింద వర్తకుడి హాలు, దాని మీద చెక్కపలకల గది, అన్నిటికంటే పైన అటక. అటక గోడ పొడుగునా ఒకటే కిటికీ. సముద్రం దాటి వచ్చిన నేతగాళ్ళు మగ్గాల మీదికి వెలుతురు పడాలని పెట్టించుకున్నారు. వాళ్ళతో పాటు పంజరాల్లో పసుపుపచ్చ కెనరీ పిట్టలు కూడా వచ్చాయట. ఇప్పుడవి ఆ ఊరి, అంటే నార్విచ్, ఫుట్‌బాల్ జట్టు చొక్కాల మీద తప్ప ఎక్కడా కనిపించవు. ఆ అటకలో థెల్మా చవగ్గా అద్దెకుంటోంది. దానికో షరతు ఉంది. ఏటా సెప్టెంబరులో ఊళ్ళోని పాత ఇళ్ళన్నీ టిక్కెట్టు లేకుండా తలుపులు తెరుస్తాయి. ఆ రోజుల్లో ఆమె కూడా తన గది తెరిచి పెట్టాలి.

ఆ కిటికీ వెలుతుర్లో నల్లగుడ్డ మీద నల్లదారం కుట్టు కూడా కనిపిస్తుంది. అరవై దాటిన కళ్ళకి అంతకంటే ఏం కావాలి? లోస్టాఫ్ట్‌లో చెల్లెలింట్లో ఓ వెనక గది ఉంది, ఎప్పుడైనా రమ్మంటుంది. ఆ గది కిటికీలోంచి పక్కింటి గోడ తప్ప ఏమీ కనిపించదు. అక్కడికి వెళ్తే తను ఇంకెవరి బట్టలూ కుట్టలేదు. కుట్టకపోతే తనెవరో తనకే తెలీదు. థెల్మా సోమవారం పొద్దున్న అక్కడ నిలబడి ఆలోచించింది ఇంతే.

మధ్యాహ్నం ఇస్త్రీపెట్టె చంకన పెట్టుకుని మార్కెట్టుకి బయల్దేరింది.

చారల కప్పుల కింద ఆ మార్కెట్టులో థెల్మాకో చిన్న దుకాణం ఉంది. ఆమె లోపల కూర్చుంటే మోకాళ్ళు బయటుంటాయి. బట్టలు తీసుకోవడం, కొలతలు పెట్టడం అక్కడ, కుట్టడం ఇంట్లో. పక్క దుకాణం డెస్మండ్ మేస్‌ది. వేయించిన బంగాళాదుంపలు, ఉడికించి మెదిపిన బఠాణీలు అమ్ముతాడు. ఇద్దరి మధ్యా పలచటి చెక్క గోడ, ఎన్నో ఏళ్ళ వేళాకోళం.

"డెస్, నీ దగ్గర ఖాళీ ప్లగ్గుందా?"

"నీకు లేదంటానా బంగారం! ఎందుకూ?"

ఆమె ఇస్త్రీపెట్టె చూపించింది. విషయం చెప్పింది. డెస్ మాటకి అడ్డురాకుండా విన్నాడు, అది అతనికి అలవాటు లేని పని.

"అంటే గోడ తడిస్తే నీ టీ వల్లేనా?"

"నా టీ, నా సూపు, నా ఇస్త్రీ."

"మరి ఊపిరి పీల్చడం సంగతేంటి? అదీ ఆవిరే. రేప్పొద్దున్నించీ మెట్ల మీదకెళ్ళి పీల్చుకో."

"నవ్వులాటకి చెప్పట్లేదు డెస్. ఒకవేళ నిజమేనేమో! నేనే దాన్ని పాడు చేస్తున్నానేమో!" తనకి ఇల్లు ఉండదన్న భయం ఒకటి, ఆ ఇంటికి తనే హాని చేస్తోందేమోనన్న దిగులు ఇంకొకటి. రెండోదే ఆమెని ఎక్కువ పీకుతోంది. "అందుకే అనుకున్నా. ఇవాళ్టి నుంచి ఆ గదిలో చుక్క నీళ్ళు కాచను. వంట లేదు, వేణ్ణీళ్ళు లేవు, ఇస్త్రీ లేదు. స్నానం ఈతకొలను దగ్గర. బట్టలు లాండ్రీలో ఆరబెట్టుకుంటా."

"భోజనం?"

థెల్మా అతని బఠాణీల గిన్నె వంక చూసింది.

"అదృష్టవంతుణ్ణి," అన్నాడు డెస్. "గోడకి సిమెంటు పూసింది వాళ్ళు. ఊపిరాడక గోడ ఏడుస్తుంటే కెటిల్ మీదికి నెట్టడం! మా అమ్మమ్మ ఇంటికీ అలాగే చేశారు. ఆవిడ చచ్చేదాకా వాళ్ళన్నది ఆవిడ ఉల్లిపాయ సూపు వల్లేనని."

"సందు వైపు పూసిందా? బాగుండాలనే పూశార్లే, రాళ్ళు రాలుతున్నాయని."

"వెనకేసుకురా, ఇంకా వెనకేసుకురా. నిన్ను బయటికి నెడుతుంటే తలుపు కూడా నువ్వే పట్టుకుంటావు."

సాయంత్రం పెళ్ళికొడుకు ప్యాంటు ఇస్త్రీ మొదలుపెట్టగానే డెస్ నూనె కళాయి, థెల్మా ఇస్త్రీపెట్టె, దుకాణంలో దీపం ఒక్కసారే ఆరిపోయాయి. వరసలో నిలబడ్డవాళ్ళు ఓ అని అరిచారు. ఆ తర్వాత ఇద్దరూ ఓ ఒప్పందానికి వచ్చారు. అతను దుంపలు దించినప్పుడు ఆమె ఇస్త్రీ చెయ్యాలి, ఆమె ఆపినప్పుడు అతను వేయించాలి. వారమంతా పెళ్ళికొడుకుల కోట్లు, స్కూలు గౌన్లు కాస్త దుంపల వాసనతోనే ఇళ్ళకి వెళ్ళాయి.

మంగళ, బుధ, గురువారాలు థెల్మా చల్లటి రొట్టె తిని పడుకుంది. పొద్దున్నే ఒళ్ళు వణుకుతూ ఈతకొలనుకి నడిచింది. డెస్ ఫ్లాస్కులో పోసిచ్చిన టీ కూడా గదిలో మూత తియ్యలేదు. మెట్ల మీద కూర్చుని తాగింది. ఎవరూ చూడటం లేదని తెలుసు. అయినా దొంగతనంగా ఓ గుక్క లోపల తాగాలనిపించలేదు. గోడకి మాటిచ్చినట్టుగా ఉంది ఆమెకి.

రోజూ నిద్ర లేవగానే అరచెయ్యి సందు వైపు మూలలో గోడకున్న తడిమచ్చ మీద పెట్టేది. మంగళవారం తడిగా ఉంది. బుధవారం తడిగా ఉంది. బుధవారం మధ్యాహ్నం నుంచి తూర్పు గాలితో వాన పట్టుకుంది. గురువారం పొద్దున చెయ్యి పెడితే అరచేతికి నీళ్ళంటుకున్నాయి, సున్నం పొరలు పొరలుగా వేళ్ళ మీదికి ఊడి వచ్చింది. మచ్చ దిండంత ఉండేది దుప్పటంత అయింది.

థెల్మా మంచం మీద కూర్చుండిపోయింది. మొదట వచ్చింది కోపం కాదు, ఊరట. నేను కాదు, అనుకుంది. నా వల్ల కాదు. ఆ ఊరటతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం ఆ తర్వాత వచ్చింది. వచ్చాక మాత్రం పోలేదు.

శుక్రవారం గది ముస్తాబు చెయ్యడానికి క్రిస్పిన్ ఇద్దరు వాలంటీర్లతో వచ్చాడు. థెల్మా కెటిల్, రేడియో, ప్లాస్టిక్ బకెట్టు మంచం కిందకి వెళ్ళాయి. మంచం మీద ఉన్ని గళ్ళ దుప్పటి పరిచారు. కుట్టుమిషను మీద నారబట్ట కప్పారు. ఆ తర్వాత క్రిస్పిన్ మచ్చ ముందు నిలబడి గడ్డం గోక్కున్నాడు.

"క్రిస్పిన్," అంది థెల్మా. వారమంతా మనసులో నలిగిన మాట. "సోమవారం నుంచి ఈ గదిలో నేను కెటిల్ పెట్టలేదు. వంట లేదు, ఇస్త్రీ లేదు. అయినా చూడండి, ఎంతైందో."

క్రిస్పిన్ మొహం వెలిగింది. "నిజంగానా? ఎంత మంచిపని చేశారండీ! అలాగే కొనసాగించండి. అయితే పాత గోడలు కదా, ఏళ్ళ తరబడి పట్టిన తేమ ఆరడానికి నెలలు పడుతుంది."

"ఆరడం కాదు, పెరుగుతోంది అంటున్నా."

"ఆరేముందు అలాగే అనిపిస్తుంది," అన్నాడు ఓదార్పుగా.

ఇంకేం మాట్లాడాలి? కెటిల్ పెడితే కెటిల్ తప్పు. పెట్టకపోతే పోయినేడు పెట్టిన కెటిల్ తప్పు.

కింది హాల్లోంచి పాత గోడతెర ఒకటి తెచ్చి మచ్చ కనపడకుండా వేలాడదీశారు. అది చాలలేదు. కిటికీ దగ్గరున్న థెల్మా కుర్చీని ఎత్తి ఆ తెర ముందు పెట్టారు. ఎత్తు వీపున్న ఓకు కుర్చీ. థెల్మా దాన్ని చర్చివాళ్ళ పాతసామాన్ల అమ్మకంలో కొనుక్కుని, స్ప్రింగులు కట్టి, ముదురాకుపచ్చ గుడ్డ వేసుకుంది. వాలంటీర్లలో ఒకావిడ జేబులోంచి ఎండిన ముళ్ళకాయ ఒకటి తీసి దాని మీద పెట్టింది.

ఆ దేశంలో పాత ఇళ్ళలో అదొక పద్ధతి. కూర్చోవద్దు అని రాసిపెట్టడం మర్యాద కాదని కుర్చీ మీద ముళ్ళకాయ పెడతారు. చెప్పకుండానే చెప్పినట్టవుతుంది. ఒకప్పుడు ఇదే కాయతో ఇక్కడి నేతగాళ్ళు ఉన్నిబట్ట దువ్వేవాళ్ళు, ఇప్పుడు మనుషుల్ని దూరం పెట్టడానికి పనికొస్తోంది.

"అది నేను కూర్చునే కుర్చీ," అంది థెల్మా.

"చూడ్డానికి చాలా సహజంగా ఉందండీ," అంది వాలంటీరు. "జనం కూర్చుండిపోతారు."

"మరి నేనెక్కడ కూర్చోవాలి?"

క్రిస్పిన్ చుట్టూ చూశాడు. మడతకుర్చీలన్నీ కిందివాళ్ళకి సరిపోయాయి. "రెండు రోజులే కదా," అన్నాడు. నిజంగానే సిగ్గుపడ్డాడు. ఆమె మెడలో వాలంటీరు బిళ్ళ వేసి వెళ్ళిపోయాడు.

శుక్రవారం రాత్రంతా వాన.

శనివారం తెరిపిచ్చింది. సందు చివరిదాకా వరస. ఒకప్పుడు ఆ ఊళ్ళో ఏడాదిలో వారానికొకటి చొప్పున చర్చిలు, రోజుకొకటి చొప్పున సారాకొట్లు ఉండేవంటారు. ఆ రోజు వరస చూస్తే మూతబడ్డ వాటి జనమంతా ఇటే వచ్చారా అనిపించింది. గొడుగులు, వానకోట్లు, సంచుల్లో రొట్టెలు. ఇరుకు మెట్లు గుండ్రంగా తిరిగి, దూలానికి తల కొట్టుకుని, దూలానికి సారీ చెప్పి, ఒక్కొక్కళ్ళే అటకలోకి వచ్చారు. కిటికీ చూడగానే అందరి మొహాలూ ఒకేలా మారాయి. ఆ మార్పు చూడ్డం థెల్మాకి ఏటా ఇష్టమే. ఇవాళ కాళ్ళు లాగుతున్నా ఇష్టంగానే ఉంది.

"ఈ ఆడమనిషిని భలే పెట్టారు," అంది ఒకావిడ భర్తతో, థెల్మాని చూపిస్తూ. "ఆ కాలం దర్జీదాని వేషం ఎంత బాగా కుదిరిందో!"

"ఇది నా మామూలు గౌనండీ," అంది థెల్మా.

"ఆ కుర్చీ ఏ కాలానిది?" ఓ పొడుగాటి పెద్దమనిషి అడిగాడు.

"నేను కొన్నప్పుడు మరీ పాతదేం కాదండీ. చర్చివాళ్ళ అమ్మకంలో కొన్నా."

అందరూ నవ్వారు. ఆయన తను ఇప్స్‌విచ్ నుంచి వచ్చానని చెప్పాడు. గదిలో అందరూ ఆయన వంక తిరిగి చూశారు. అది ఫుట్‌బాల్‌లో శత్రువుల ఊరు.

"పర్లేదు, రండి," అంది థెల్మా. "ఇవాళ అందరికీ ఉచితమే."

మళ్ళీ నవ్వులు. థెల్మా కూడా నవ్వింది. కాసేపు ఆ గది తనదేనని మరిచిపోయి, మళ్ళీ గుర్తొచ్చి, సోమవారం గుర్తొచ్చి, నవ్వు ఆగిపోయింది.

మూడు దాటుతుండగా మెట్ల మీద చప్పుళ్ళు. చేతికర్ర ఒక మెట్టు, కాళ్ళు ఒక మెట్టు. వెనక క్రిస్పిన్ గొంతు.

"అంత కష్టపడక్కర్లేదండీ మిసెస్ గాథర్‌కోల్. ఫొటోలు పంపిస్తాను."

"ఫొటోలు నువ్వు చూసుకో. సోమవారం కమిటీలో ఈ గది గురించి ఓటుకి చెయ్యెత్తమంటున్నావు. చూడకుండా ఎత్తనా?"

మిసెస్ వెరిటీ గాథర్‌కోల్ ట్రస్టుకి అధ్యక్షురాలు. ఎనభై దాటి చాలా ఏళ్ళైంది. మోకాళ్ళు పాడయ్యాక ఆవిడ ఈ అటక ఎక్కలేదు. లేత నీలం లినెన్ కోటు, మెడలో ముత్యాలు, గుమ్మంలోకి వచ్చేసరికి పెదాలు కూడా లేత నీలమే. నిలబడి, కర్ర మీద వాలి, మాట్లాడబోయి ఊపిరందక ఆగింది.

గదిలో పదిమందికి పైగా ఉన్నారు. అందరూ చూశారు. ఆవిడకి కూర్చోవాలని అందరికీ తెలుస్తూనే ఉంది. గదిలో కుర్చీ ఒకటే, దాని మీద ముళ్ళకాయ. అందరూ కుర్చీనీ, ముళ్ళకాయనీ, నేలనీ మార్చి మార్చి చూశారు. ఇప్స్‌విచ్ ఆయన ఒక అడుగు వేసి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ కూడా ముళ్ళకాయని చూసి, అడగలేదు. ఈ ఇంట్లో ఆ పద్ధతి మొదలుపెట్టింది ఆవిడే.

థెల్మా వెళ్ళి ముళ్ళకాయ తీసేసింది. సూదులతో కాయలు కాచిన వేళ్ళకి దాని ముళ్ళు ఒక లెక్క కాదు.

"కూర్చోండి."

"థెల్మా," అన్నాడు క్రిస్పిన్ మెల్లగా, గుమ్మంలోంచి. "ఆ కుర్చీ..."

"నాది," అంది థెల్మా.

ఆ మాట అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. క్రిస్పిన్ ఆగిపోయాడు. మిసెస్ గాథర్‌కోల్ కుర్చీలో కూర్చుని, వెనక్కి వాలి, కళ్ళు మూసుకుంది. బరువైన మనిషి. వెనక్కి వాలేసరికి కుర్చీ రెండంగుళాలు జరిగి తెరకి ఆనింది. ఆవిడ తల, భుజాలు తెర మీద వాలాయి.

"అమ్మయ్య!" అంది. కాసేపటికి రంగు తిరిగింది. కళ్ళు తెరిచి కిటికీ చూసింది. "ఇదే, ఇదే వెలుతురు. పెళ్ళి కాకముందు మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు ఇల్లంతా పావురాళ్ళు. దీన్ని కూలగొడతామన్నారు. ఈ కిటికీ చూశాకే నేను పోట్లాటకి దిగా." థెల్మా వైపు తిరిగింది. "నువ్వు ఈ వెలుతుర్లోనే కుడతావా అమ్మాయ్?"

"అవునండీ. నల్లగుడ్డలన్నీ ఇక్కడే."

"మంచిది. ఇక్కడ మగ్గం ఆగిపోయాక మళ్ళీ దారం ఆడింది నీతోనే." ఆవిడ ఇంకాసేపు అలాగే వాలి, కిటికీ కట్టించిన వాళ్ళ గురించీ పిట్టల గురించీ చెప్పింది. జనం చుట్టూ మూగి విన్నారు. ఆ తర్వాత కర్ర పట్టుకుని లేచి, కిటికీ వైపు నడిచింది.

థెల్మా అప్పుడు చూసింది. కోటు వీపు మీద, భుజాల నుంచి నడుం దాకా, లేత నీలం కాస్తా ముదురు నీలమైపోయింది. అంచుల్లో తడి ఇంకా పాకుతోంది, పైన సున్నం పొడి.

మిగతావాళ్ళూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. అలాంటివి చూడనట్టుండటమే అక్కడ మర్యాద. పెద్దావిడ, పైగా పదిమందిలో. క్రిస్పిన్ చూశాడు, మొహం పాలిపోయింది. థెల్మా కళ్ళలోకి చూశాడు. దయచేసి అన్నట్టుంది ఆ చూపు. వారం కిందటైతే థెల్మా ఆ చూపుకి లొంగేది. ఆవిడ అలాగే మెట్లు దిగిపోయేది. ఇంటికెళ్ళి ఎప్పుడో కోటు విప్పుకుని, తన చెమటనుకునేది.

"మిసెస్ గాథర్‌కోల్," అంది థెల్మా. "మీ కోటు వీపు తడిసిపోయిందండీ."

"వీపా?" ఆవిడ చెయ్యి వెనక్కి పెట్టి తడిమి, వేళ్ళు ముందుకు తెచ్చి చూసుకుంది. తెల్లటి తడి. ఆవిడ కుర్చీని చూసింది, తెరని చూసింది. నడిచి వెళ్ళి కర్ర కొనతో తెర ఎత్తింది.

గోడ మీద నీళ్ళు మెరుస్తున్నాయి.

"ఇదేంటి క్రిస్పిన్?"

"అది... లోపలి ఆవిరి వల్లండీ. రిపోర్టులో రాశాను కదా. కెటిల్, ఇస్త్రీ..."

"కెటిల్ ఎక్కడుంది?"

థెల్మా వంగి మంచం కింద నుంచి కెటిల్ తీసింది. మూత తెరిచి తలకిందులుగా పట్టుకుంది. చుక్క రాలలేదు. "సోమవారం నుంచి దీన్ని ముట్టుకోలేదండీ. ఇస్త్రీపెట్టె ఆ రోజే మార్కెట్టుకి పోయింది, నిన్న రాత్రే తెచ్చుకున్నా. స్నానం కూడా బయటే. గోడ నా వల్ల పాడవుతోందన్నారు కదా, చూద్దామని. ఆపాక ఇంకా పెరిగింది."

"స్నానం కూడానా?"

"ఈతకొలనులో."

ఇప్స్‌విచ్ ఆయన "దేవుడా!" అన్నాడు పైకే.

మిసెస్ గాథర్‌కోల్ కిటికీ దగ్గరికి వెళ్ళి, రెక్క తీసి, సందు వైపు తల బయటికి పెట్టింది. వంగి చాలాసేపు చూసింది. రాళ్ళ మధ్య ఉండాల్సిన సున్నం లేదు. గోడంతా నున్నటి బూడిదరంగు సిమెంటు, దాని మీద జుట్టంత సన్నటి పగుళ్ళు. వాన లోపలికి పోవడానికి దారి ఉంది, బయటికి రావడానికి లేదు.

తల లోపలికి తీశాక కూడా ఆవిడ కిటికీ చట్రం పట్టుకునే ఉంది.

"దీన్ని ఎవరు పూయించారు?"

క్రిస్పిన్ సమాధానం చెప్పడానికి చాలా ఇబ్బంది పడ్డాడు. "నేను చేరకముందండీ. కమిటీయే... మీ సంతకమే ఉంది."

"ఉండే ఉంటుంది." ఆవిడ తల పంకించింది. "పాత గోడకి సిమెంటు పులమకండని ఈ ఊరంతటికీ ఉపన్యాసాలిచ్చేది నేను. నా మోకాళ్ళు పైకి రాలేవని కళ్ళు కూడా పంపించలేదు. పెట్టినచోటల్లా సంతకం పెట్టాను." థెల్మా వైపు తిరిగింది. అంత పెద్ద మనిషి మొహంలో అంత సిగ్గు థెల్మా ఎప్పుడూ చూడలేదు. "మేం గోడ నోరు మూసేసి, నీతో కెటిల్ మూయించాం. క్షమించమ్మా."

థెల్మా నోటికి అలవాటుగా "పర్లేదండీ" వచ్చింది. దాన్ని పళ్ళ మధ్యే ఆపేసింది. పర్లేదనదగ్గ సంగతి కాదు మరి. "థాంక్స్ అండీ" అని ఊరుకుంది.

మిసెస్ గాథర్‌కోల్ కోటు బొత్తాలు విప్పడం మొదలుపెట్టింది. "తడికోటుతో ఈ మెట్లు దిగితే జలుబు చేసి చస్తాను. సోమవారం దాకా బతికి ఉండాలి, నువ్విక్కడే ఉండటానికి చెయ్యెత్తే పనుంది. దీన్ని ఆరబెట్టగలవా?"

"ఇస్త్రీ చెయ్యాలండీ." థెల్మా క్రిస్పిన్ వైపు చూసింది. "ఇక్కడే చెయ్యాలి."

"మరి చెయ్యి."

థెల్మా కుట్టుమిషను మీద నారబట్ట తీసి బల్ల మీద పరిచింది. కోటు లోపలి వైపు తిప్పి, లైనింగు సర్ది, వీపు కుట్టు సరళంగా పడేలా అరచేత్తో సాపుచేసింది. చేతిలో ముళ్ళకాయ అడ్డమొచ్చింది. పట్టుకోమని క్రిస్పిన్‌కి ఇచ్చింది. అతను రెండు చేతులా తీసుకున్నాడు. ఇస్త్రీపెట్టె వేడెక్కేదాకా ఎవరూ కదల్లేదు. మెట్ల మీద వరస ఆగిపోయింది. ఏమైందని కింద నుంచి అడుగుతున్నారు, పైవాళ్ళు గుసగుసగా చెప్తున్నారు, ఆ గుసగుస మలుపులు తిరుగుతూ సందులోకి దిగిపోయింది.

ఇస్త్రీపెట్టె ఆనించగానే తడి లినెన్ బుస్సుమంది. తెల్లటి ఆవిరి లేచి, దూలాల దాకా పోయి, ఆ పొడుగాటి కిటికీ అద్దాల మీద పరుచుకుంది. వారం తర్వాత ఆ గదిలో వెచ్చగా ఉంది. థెల్మా తొందరపడలేదు. భుజాలు చేసింది, నడుం చేసింది, కాలరు ఎవరూ అడక్కపోయినా చేసింది.

వెచ్చటి కోటు తొడుక్కుని మిసెస్ గాథర్‌కోల్ భుజాలు ఒకసారి కదిపి చూసుకుంది. "ఇంత బాగా ఇది కొన్నరోజున కూడా లేదు." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "క్రిస్పిన్, సున్నం పనివాణ్ణి ఒకణ్ణి చూడు. శీతాకాలం రాకముందే. ఆ ముళ్ళకాయ ఉందే, దాన్ని ఆ గోడకి తగిలించు. మనవాళ్ళెవరూ మళ్ళీ చూసుకోకుండా దాన్ని ఆనుకోరు."

"అలాగేనండీ," అన్నాడు క్రిస్పిన్. ఆవిడ వెనక మెట్లు దిగుతూ, రెండు మెట్లు దిగి, మళ్ళీ పైకొచ్చాడు. "థెల్మా, నేను... ఆ యంత్రం అంకె మాత్రమే చెప్తుంది. ఎందుకో చెప్పదు. నేనే చెప్పేశాను."

"సాయంత్రం తలుపులు మూశాక రండి," అంది థెల్మా. "టీ తాగుదురుగాని."

తలుపులు మూశాక డెస్ వచ్చాడు, పొట్లంలో దుంపలు పట్టుకుని. సంగతంతా మార్కెట్టుకి ముందే చేరింది. "రేపట్నించి నా దగ్గర తినవా ఇంక?" అని దిగులు నటించాడు. థెల్మా తన కుర్చీని గోడ దగ్గర్నుంచి ఈడ్చి కిటికీ కింద, దాని చోట దాన్ని పెట్టింది. కెటిల్ నిండా నీళ్ళు పోసి పెట్టింది. క్రిస్పిన్ మంచం అంచున ముడుచుకుని కూర్చున్నాడు.

కెటిల్ మూత కదలడం మొదలైంది. ఆవిరి లేచింది. క్రిస్పిన్ కళ్ళు అలవాటుగా గోడ వైపు వెళ్ళబోయి, ఆగాయి.

థెల్మా కుర్చీలో కూర్చుని, కాళ్ళు చాపుకుంది. అతనికి చక్కెర ఎన్ని చెంచాలని అడిగింది.